నెయ్యి పథ్యం

"నలభై ఎనిమిది రోజులు రాని మూర్ఛ మొన్న శుక్రవారం మళ్లీ ఎందుకొచ్చింది?" విరుదునగర్ డాక్టరు అడిగాడు.

జక్కమ్మాళ్ ఒళ్లో ఏడేళ్ల కూతురు బొమ్మి మగతగా పడి ఉంది. కొరుక్కున్న నాలుక ఇంకా వాచే ఉంది.

"అన్నం పెట్టావా?"

"లేదు సామీ. నెయ్యి, వెన్న, గుడ్డు, టెంకాయ. మీరు చెప్పినవే."

"సజ్జగంజి? బెల్లం? ఒక్క ముద్ద తిన్నా పథ్యం చెడిపోతుంది."

"అన్నం కావాలని బిడ్డ పొర్లి ఏడిస్తే గూడ ఒగ మెతుకు ఈలేదు సామీ. వీదిలో అందరూ నన్ను రాచ్చసి అనిరి. నా బిడ్డ మింద ఆన."

డాక్టరు నమ్మాడు. బిడ్డ మీద ఒట్టేసి ఏ తల్లీ అబద్ధమాడదు. సీమ నుంచి వచ్చే ఇంగ్లీషు వైద్యపత్రికలో చదివి, మూర్ఛ ఆగడానికని తానే రాసిచ్చిన పథ్యాన్ని తానే కొట్టేశాడు.

"ఇది ఈ పాపకు పనిచెయ్యదమ్మా. ఇక అన్నమే పెట్టు."

ఇంటికి తిరిగొస్తూ కోవిల్‌పట్టిలో రైలు దిగాక బొమ్మి నడవలేకపోయింది. జక్కమ్మాళ్ పాపను కూర్చోబెట్టి కొంగుముడి విప్పింది.

నలభై ఎనిమిది రోజులు మూర్ఛ రాకుంటే అమ్మవారికి పిండిదీపం పెడతానని ఆమె మొక్కుకుంది. ఆ గడువు నిండిన శుక్రవారం పొద్దున బియ్యప్పిండీ బెల్లమూ కలిపి దీపం చేసి, వెలిగించి, అది కొండెక్కాక సగం బొమ్మికి పెట్టింది. మిగతా సగం ముడిలో ఉంది.

"ఇది తిండి కాదే, అమ్మ పిరసాదం. మింగు తల్లీ. ఇంగ ఆ అమ్మే నిన్ను కాపాడాల."