కొత్త బేరింగులు

“దొంగవు నువ్వు, గులాం నబీ!” భిక్షపతి గాలం రీలును పనిబల్ల మీద విసిరేశాడు. “కొత్త బేరింగులేస్తనని పాతయే పెట్టినవ్. పొద్దుగాల మీరాలం చెరువుల విసిరితే గాలం నా కాళ్లకాడనే పడ్డది. అందరు నవ్విండ్రు.”

ఫలక్‌నుమాలో ముప్పై ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్న గులాం నబీ ముఖం ఎర్రబడింది. “ఖబడ్దార్! మొన్ననే కొత్తయి కిరసనాయిలుల కడిగి బిగించిన. తప్పు నాదైతే దుకాణం మూస్త. నీదైతే బజార్ల మాఫీ అడగాలె.”

“అడుగుత, ఇప్పు! ఈ రీలు కొన్నకాంచి మూడు నెలలాయె, నా పెండ్లాం నాతోని మాట్లాడుతలేదు. నువ్వు సుత ముంచినవ్.”

గులాం నబీ మూత విప్పాడు. కొత్త బేరింగులు మెరిశాయి. వాటి చుట్టూ కొబ్బరినూనె, డిసెంబరు చలికి మైనంలా గడ్డకట్టి ఉంది.

“తలనూనె ఎవడు పోసిండ్రా దీంట్ల?”

భిక్షపతి వంగి వాసన చూశాడు. మందారాకులు వేసి తన భార్య కాచే నూనె. తేలిగ్గా తిరగాలని ఆమె తన కుట్టుమిషనుకు కూడా అదే వేస్తుంది.

“మాఫీ, భాయ్,” అన్నాడు, బజారుకంతా వినబడేలా.

గులాం నబీ కిరసనాయిలు గిన్నె ముందుకు జరిపాడు. భిక్షపతి రీలు లాక్కున్నాడు.

“కడగకు. ఎండెక్కితే కరుగుతది. గప్పుడే చెరువుకు పోత.”