కాటుకయ్య పొదుపు

తుమ్మలడవి కాకులకొక కట్టుబాటు ఉండేది. ఎవరికి మెతుకు దొరికినా ముందు కావుమని పిలిచి, కోతులు గూళ్లు పీకేసిన పిట్టలకి పెట్టాకే తినాలి. మళ్లీ కోతులొస్తే అదే పిలుపుకి అందరూ చేరి తరిమేసేవారు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పెద్దకాకి కాటుకయ్య గొంతు సవరించుకుని, "రోజులు బాగాలేవు. కరువు తీరేదాకా పిలుపులు ఆపుదాం. మనం బతికుంటేనే కదా ఒకరికి పెట్టేది," అన్నాడు. కాకులన్నీ విచారంగా తలలూపి, చాలా చురుగ్గా ఒప్పుకున్నాయి.

"మీ ఇష్టం మావా," అంది గూడు పోయిన కుంటి గోరింక.

మర్నాడే కాటుకయ్యకి జొన్నకంకి దొరికింది. ఆకుల చాటున, నాలుగు దిక్కులూ చూసుకుంటూ తిన్నాడు. ఎందుకో రుచించలేదు. అయినా గింజ మిగల్చలేదు.

అంతలో గుడ్లున్న తన గూటి కొమ్మ మీదే కోతులు ఊగుతూ కనిపించాయి. కాటుకయ్య గొంతు చించుకుని అరిచాడు. ఎవరి చాటున వాళ్లు తింటున్న కాకులు, 'పిలుపులు ఆపమన్న పెద్దాయన మాట తప్పడులే, అరిచేది ఇంకెవరో' అనుకుని కదల్లేదు.

కుంటి గోరింక మాత్రం ఆశగా గెంతుకుంటూ వచ్చింది. "ఏం దొరికింది మావా?" అనబోయి, కోతుల్ని చూసి గోల అందుకుంది. ఆ గోలకి గూడు పోయిన పిట్టలన్నీ వచ్చిపడ్డాయి. కోతులు దిగి పారిపోయాయి. గుడ్లు దక్కాయి.

మర్నాడు కాటుకయ్య ఒకే ఒక్క సజ్జగింజ ముందు నిలబడి అడవంతా వినబడేలా పిలిచాడు.

"ఇంత గింజకి అంత అరుపా మావా?" అంది గోరింక.

"గింజదేముందమ్మా, గొంతుకి అలవాటు తప్పకూడదని," అన్నాడు కాటుకయ్య. ఆ గింజ వంక ఆఖరిసారి చూసుకుని, ముక్కుతో గోరింక ముందుకి నెట్టాడు.