ఆగ్నేయంలో చేపల తొట్టి

“ఆగ్నేయంల నీళ్లా? ఆడ పొయ్యి ఉండాలె గద సార్!” అన్నాడు తుకారాం కంగారుగా.

“అది మన వాస్తు. ఇది చైనాది. వాళ్లకు ఆగ్నేయమంటే సంపద మూల. మీ క్యాబిన్‌లో ఆ మూలనే చేపల తొట్టి రావాలి,” అన్నాడు మధుసూదన్ అరచేతిలో దిక్సూచి తిప్పుతూ. ఫెంగ్‌షుయ్ నిపుణుడని కార్డు అచ్చు వేయించుకున్న మనిషి. దిక్సూచి ఎటు తిరిగినా ఆయన మొహంలో మాత్రం సందేహం కనిపించదు.

తుకారాం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఒక ట్రావెల్స్ ఆఫీసుకు యజమాని. పేరుకే యజమాని, ఆఫీసు భార్య పుష్పమ్మ పుట్టింటివాళ్లది. ఇన్వర్టర్ కావాలని అడిగితే విసనకర్రలు పంపిన ఇల్లాలు ఆవిడ. ఎప్పుడు పడితే అప్పుడు తనిఖీకి వచ్చి భర్తను దులుపుతుంది. ఆయన ఆ దుమ్మంతా తెచ్చి సిబ్బంది మీద పోస్తాడు. సిబ్బంది అంటే ఇద్దరే. లెక్కలు చూసే కాంతమణి, బస్సు టికెట్లు రాసే లూకా.

లూకాకు ఒక్కటే జబ్బు. మధ్యాహ్నం పప్పన్నం కడుపులో పడిందంటే రెప్పలు వాలిపోతాయి. భోజనం కాగానే ఎటో వెళ్లే తుకారాం, క్యాన్వాసు బూట్లతో పిల్లిలా తిరిగొచ్చి రెండుసార్లు పట్టుకున్నాడు. “ఇంకోసారి దొరికితే సైనిక్‌పురి బ్రాంచికి తోలుత,” అని తేల్చేశాడు. ఆ బ్రాంచి చూసేది పుష్పమ్మ అన్న, మాజీ హవల్దారు. అక్కడ హాజరు ఈలతో మొదలవుతుంది, కుర్చీలు గోడకు ఆనించి మడిచి ఉంటాయి. పద్మారావు నగర్ నుంచి నడిచొచ్చే లూకాకు సైనిక్‌పురి అంటే అండమానే.

అందుకే మధుసూదన్‌ను తెచ్చింది లూకానే. గిరాకీ లేదని తుకారాం ఏడుస్తుంటే, “మా గల్లీల ఒకాయన ఉన్నడు సార్,” అని చెవిన వేశాడు. మధుసూదన్‌కు విడిగా ఒకే కోరిక చెప్పుకున్నాడు. వీధి తలుపుకు గంటలు కట్టించాలి. సార్ అడుగు పెడితే గణగణమనాలి, తను మేలుకోవాలి.

“చర్చిల పాటలు పాడేటోనివి, చైనా గంటలను నమ్ముకుంటున్నవా?” అంది కాంతమణి.

“చర్చికి గంట లేదా అక్కా?”

గంటలకు కాంతమణి ఒప్పుకుంది. కానీ మధుసూదన్ నవ్వే బుద్ధుడి బొమ్మను ఆవిడ బల్ల మీద పెట్టబోతే మాత్రం ససేమిరా అంది. “ఈడ యేసయ్య క్యాలెండర్ ఉంది. ఇద్దరికి జాగ చాలదు.” బుద్ధుడు జిరాక్స్ మిషన్ మీదికి వెళ్లి నవ్వాడు.

తర్వాత మధుసూదన్, తుకారాం క్యాబిన్ తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి మధుసూదన్ ప్రకటించాడు. “వీధి తలుపుకు గంటలు. సార్ క్యాబిన్ అద్దాలకు లోపల దళసరి తెర. సార్ కుర్చీ వీపు ఎత్తుగా, కొండకు ఆనుకున్నట్టుండాలి.”

లూకా ఆయన్ను పక్కకు లాగాడు. “అన్నా, నేను గంటలే అడిగిన. తెర ఎవరడిగిండ్రు?”

“ఎవరి దిశ వాళ్లది తమ్ముడూ,” అన్నాడు మధుసూదన్ సంచీ సర్దుకుంటూ.

అన్నీ అమిరాయి. అమిరాకే లూకాకు అసలు తక్లీఫ్ షురూ అయింది. తుకారాం ఇప్పుడు భోజనం చేసి ఎటూ పోవడం లేదు. తెర వెనక్కి వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. బయటికే పోని మనిషికి గంటలు ఏం మోగుతాయి? లోపలి నుంచి చేపల తొట్టి మోటారు చప్పుడొక్కటే వినిపించేది, ఒకసారి హెచ్చుతూ ఒకసారి తగ్గుతూ.

“కొత్త మోటారు గద, సర్దుకుంటదిలే. ఆ తెర నడుమ సందు చూసినవా?” అంది కాంతమణి గొంతు తగ్గించి.

“చూసిన అక్కా. అండ్ల నుంచి మనల్నే చూస్తుండు.”

ఇక కునుకెక్కడిది! లూకా కళ్ల కింద బామ్ రాసుకున్నాడు. నిద్ర ఆపుకోవడానికి పాత గిరాకీలకు ఫోన్లు చేసి తిరుపతికి రమ్మన్నాడు, షిర్డీకి రమ్మన్నాడు. జనం వచ్చారు కూడా. “చైనోళ్లు మామూలోళ్లు కాదుర!” అని మురిసిపోయాడు తుకారాం.

ఒక మధ్యాహ్నం గంటలు గణగణమన్నాయి. వచ్చింది పుష్పమ్మ. మరుక్షణం తుకారాం చేతిలో ఫైలుతో తెర తొలగించుకుని బయటికొచ్చాడు. ఆవిడ ఆయన మొహం చూసి మెత్తబడిపోయింది.

“కండ్లు గిట్ల ఎర్రగైనయేంది? గింత పని చేస్తే ఎట్లనయ్యా! జెర ఆరాం చెయ్యరాదు!”

లూకాకు నిజంగానే సిగ్గేసింది. తను బామ్ రాసుకుని ఏడుస్తున్నాడు, ఆయనేమో కళ్లు పోయేలా పని చేస్తున్నాడు. ఆ పాపభారం రోజురోజుకూ పెరిగింది. చివరికొక రోజు పప్పన్నం తిన్నాక లేచి నిలబడ్డాడు.

“సైనిక్‌పురికే పోత అక్కా. ఆడ ఈల ఊదితేనన్న సార్ చూస్తుండని తెలుస్తది. ఈ తెరతోని పరేషాన్ అయితుంది.”

“పాగల్‌గానివా? కూసో!”

లూకా వినలేదు. వెళ్లి తెర ముందు చేతులు కట్టుకున్నాడు. “సార్, నేను నిద్రమొహపోణ్ణి. మీ అసొంటి మనిషి కింద పనిచేసేటందుకు నాకు అర్హత లేదు. నన్ను సైనిక్‌పురికి పంపుండ్రి.”

లోపలి నుంచి మోటారు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

“మస్తు కోపంల ఉన్నడు,” అని గొణిగింది కాంతమణి.

అంతలో కరెంటు పోయింది. లైట్లు ఆరాయి, జిరాక్స్ మిషన్ మూలిగి ఊరుకుంది, నెత్తిమీద ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయింది. కాంతమణి విసనకర్ర కోసం చెయ్యి చాపి, అలాగే ఆగిపోయి లూకా వైపు చూసింది.

చేపల తొట్టి మోటారు మాత్రం ఆగలేదు.