గాజు పడవకు గుగ్గిలం

ఇన్నయ్య ఇటుక పొడితో పడవను తోముతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

"అది ఇత్తడి బిందె కాదయ్యా."

ఇన్నయ్య తిరిగి చూశాడు. మాసిన పంచె, భుజాన గుడ్డ సంచి. మాచర్ల బస్సు దిగి, ఎండలో రేవుదాకా నడిచొచ్చిన ముసలాయన.

"బిందె అని నేనన్నానా? పడవే. గాజు పడవ."

గాజు పడవ అంటే అద్దంలా ఉంటుందని, కూర్చుంటే అడుగున చేపలు కనిపిస్తాయని, అది వచ్చిన కొత్తలో నాలుగూళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చారు. తీరా చూస్తే తెల్లగా పింగాణీ పళ్లెంలా ఉంది. కృష్ణలో నీటి లోతు కొలిచే ఆఫీసువాళ్లు పై దేశం నుంచి తెప్పించారు. గాజు నారతో చేశారట. నడిపే పని ఇన్నయ్యకిచ్చారు.

ఇన్నయ్యది పడవలవాళ్ల వంశం. వానలకు ముందు పడవకు గుగ్గిలం, ఆముదం కలిపి కాచి పూయకపోతే వాళ్లకు అన్నం సయించదు. కొయ్య పడవకు చేసే మర్యాద గాజు పడవకు మాత్రం ఎందుకు తగ్గించాలని, ఎవరూ అడగకుండానే ఎనిమిదేళ్లు వరసగా పూశాడు. తెల్ల పడవ ఎండకు వెలిసి, గుగ్గిలం పట్టి, గేదె రంగుకొచ్చింది.

పోయిన వారం పెద్ద ఇంజనీరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. ఆ వెనకే కాగితం వచ్చింది. ఇలాంటి పడవల సంగతి తెలిసిన మనిషిని పంపుతున్నాం, సోమవారం అతనికి అప్పగించి నువ్వు ఇంటికి పో అని.

ఇవాళ శనివారం.

"వాడొచ్చేలోపు తెల్లగా చేస్తే దొర మనసు మారుద్దేమోనని," అన్నాడు ఇన్నయ్య. "ఇది పోతే నాకింకో పని చేతకాదు పెద్దాయనా."

"ఎవరా వచ్చేది?"

"ఎవడో పంట్లామేసుకున్న కుర్రాడై ఉంటాడు. రేవులోకి రానీ, ఏట్లోకి తోస్తా."

"తోద్దువులే. ముందు ఆ ఇటుక పొడి పారెయ్, గీతలు పడుతున్నాయి. కిరసనాయిలుందా?"

ముసలాయన చొక్కా విప్పి పక్కన పెట్టాడు.

కిరసనాయిలు గుడ్డతో తుడిచేసరికి ఎనిమిదేళ్ల గుగ్గిలం బంకబంకగా ఊడొచ్చింది. ఆయన సంచిలోంచి గరుకు కాగితం తీసి, నీళ్లలో ముంచి ఇచ్చాడు.

"నొక్కకు. పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దు."

తర్వాత మెత్తని సుద్ద ముద్ద. మధ్యాహ్నానికి ఒక పక్క తెలుపు తేలింది.

ఇన్నయ్య భార్య మార్తమ్మ అన్నం తెచ్చింది. ఇద్దరూ తిన్నారు.

"ఇంట్లో కొవ్వొత్తులున్నాయా అమ్మా?" అనడిగాడు ముసలాయన. "కరిగించి పైన పూస్తే ఎండకు ఆగుతుంది."

"ఉన్నాయి. మరియమాతవి. పడవకెట్టా పూస్తారు?"

"నా పని నిలబడాలనే గదే అయి ఎలిగిస్తున్నావు," అన్నాడు ఇన్నయ్య. "ఆడ ఎలిగించే బదులు ఈడ పూస్తాం, అంతే."

మార్తమ్మ మాతకొకటి ఉంచి మిగతావి తెచ్చింది.

పొద్దు వాలేసరికి ఇన్నయ్య మేస్త్రీ అయిపోయాడు.

"ఆ మూల సరిగా రుద్దలా నువ్వు. ఇట్టా చూడు, ఇట్టా."

"అలాగే," అన్నాడు ముసలాయన, మళ్లీ రుద్దుతూ. "ఈ ఏట్లో రాళ్లున్నాయా?"

"చానా. ఆ మలుపులో మూడు. ఒకటి కనపడుద్ది, రెండు కనపడవు. నేనైతే కళ్లు మూసుకుని తప్పిస్తా."

"మరి ఆ వచ్చేవాడు?"

"వాడికేం తెలుసుద్ది? మొదటి రోజే పడవ పగలగొడతాడు."

ముసలాయన చాలాసేపు మలుపు వైపు చూశాడు. తర్వాత చొక్కా తొడుక్కుని, మిగిలిన గరుకు కాగితాలు ఇన్నయ్య చేతిలో పెట్టాడు.

"ఏడాదికి రెండుసార్లు ఇలా చేసుకో. గుగ్గిలం జోలికి పోకు."

బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు. ఇన్నయ్య పడవను చూసుకుని మురిసిపోతూ, ఆయన పేరైనా అడగలేదు.

సోమవారం ఓవర్సీరు వెంకట్రామయ్య వచ్చాడు. పడవలో తన ముఖం చూసుకుని మీసం సర్దుకున్నాడు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"నేనేనండీ. ఎవరో ముసలాయన చేతి సాయం పట్టాడు. పాపం, చెప్పినట్టే చేశాడు."

ఇన్నయ్య పడవ అంచు మళ్లీ తుడుస్తూ అడిగాడు.

"కొత్త మనిషి ఎప్పుడొస్తాడండీ?"

"రాడు. పని నీదే."

ఇన్నయ్య పడవ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నిన్న మా ఇంటికొచ్చి ఆర్డరు తిరిగిచ్చేశాడు," అన్నాడు వెంకట్రామయ్య. "ఆరు నెలలుగా పని లేక తిరుగుతున్నాడట. అయినా వద్దన్నాడు."

"పిచ్చోడల్లే ఉన్నాడే," అన్నాడు ఇన్నయ్య సంతోషంగా.

వెంకట్రామయ్య జేబులోంచి ఆ ఆర్డరు కాగితం తీసి, వెనక పక్క రాసింది చదివాడు.

"శనివారం రేవులో ఇన్నయ్యతో కలిసి పడవ తుడిచాను, తుడిచే పని అతను నేర్చేసుకున్నాడు, ఏట్లో రాళ్లు మాత్రం నాకు ఎప్పటికి తెలిసేను, అతన్నే ఉంచండి, ఇట్లు యోబు."