మండుటెండలో మొక్కల దొంగ

"బావా, ఇంకో మందారం ఎత్తేశారు."

ఇంటాయన అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా తోటలోకి పరుగెత్తాడు.

నిన్న నాటిన చోట గుంట ఉంది. మొక్క లేదు. వేళ్ళు తెగకుండా, మట్టిగడ్డతో సహా తవ్వుకుపోయారు.

"నువ్వు కాపలా ఉన్నావు కదరా?"

"కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోయింది బావా."

"ఎంతసేపు మూశావు?"

బావమరిది మొహం తుడుచుకున్నాడు. చెంప మీద దిండు ముడతలు ఇంకా పోలేదు.

లోపల ఇల్లు బోసిగా ఉంది. ఇంటావిడకు పెద్ద ఆపరేషన్ అయింది. ఆమె తిరిగొచ్చేసరికి గేటు నుంచి గుమ్మం దాకా పూలుండాలని ఇంటాయన పట్టు. ఎండలు నిప్పులు చెరుగుతున్నా ఆగలేదు.

"ఇవి బతికితే మీ అక్క బతుకుతుందిరా," అని ఒకసారి బావమరిదితో అన్నాడు.

అందుకే మొక్క పోయినప్పుడల్లా ఇంకోటి తెచ్చి నాటాడు.

"దొంగెవరో నాకు తెలిసిపోయింది," అన్నాడు బావమరిది. వీధిలో అతన్ని సీఐడీ అంటారు. ఇంతవరకూ ఏ కేసూ తేల్చింది లేదు.

"ఎవరు?"

"ఎదురింటి మేడమీద కొత్తగా దిగి, ఎప్పుడూ గొడుగేసుకు తిరుగుతుందే, ఆ గొడుగావిడ. వచ్చీ రాగానే మన గేటు పట్టుకుని ఏమంది? 'అన్నయ్యగారూ, ఈ ఎండల్లో నాటితే పుల్లలు మిగుల్తాయి, తొలకరి దాకా ఆగండి' అంది. మన మొక్కల గొడవ ఆవిడకెందుకు?"

ఇద్దరూ మేడమెట్లు ఎక్కారు.

గొడుగావిడ తలుపు తీసింది. ఆమె గోళ్ళలో మట్టి ఉంది.

"మా మొక్కలేవీ?" అన్నాడు ఇంటాయన.

"నీడలో ఉన్నాయి."

"అంటే తీసింది మీరే."

"నేనే. వానలు పడ్డాక మీ గుమ్మంలో ఉంటాయి."

"దొంగతనానికి వాయిదా కూడానా?" అన్నాడు సీఐడీ. "ఎందుకు తీశావు, అది చెప్పు."

"అది చెప్పను తమ్ముడూ," అని ఆమె నెమ్మదిగా తలుపు వేసేసింది.

సీఐడీ ఊరుకోలేదు. మేడ యజమానికి ఒకటికి పది కల్పించి చెప్పాడు. ఆమెను ఖాళీ చేయించేదాకా నిద్రపోలేదు.

వెళ్తూ వెళ్తూ తోటలో మిగిలిన మొక్కల్నీ ఆమె ఊడ్చుకుపోయింది.

మళ్ళీ కొనేలోపే తొలకరి పడింది. ఆ మర్నాడే ఆసుపత్రి వాళ్ళు ఇంటావిడను ఇంటికి పంపారు.

ఆమె వరండాలో కుర్చీలో కూర్చుందో లేదో, గేటు ముందు వ్యాను ఆగింది. డ్రైవరు కుండీలు ఒక్కొక్కటీ దించాడు. మందారాలు, మల్లెలు, నందివర్ధనాలు. అన్నీ పచ్చగా ఉన్నాయి. కొన్ని మొగ్గ కూడా వేశాయి.

"ఎవరు పంపారు?" అన్నాడు ఇంటాయన.

"గొడుగావిడండి. మా వ్యాను షెడ్డు వెనక నీడలో పెంచారు. తొలివాన పడ్డాక మీ ఇంట్లో దింపమని చెప్పి ఊరొదిలి వెళ్ళిపోయారు."

"ఏ ఊరు?"

"చెప్పలేదండి."

ఇంటావిడ ఎదురింటి మేడ వైపు చూసింది. "అదేంటి, ఆవిడ అక్కడ లేదా?"

"ఆ దొంగా?" అన్నాడు సీఐడీ గర్వంగా. "ఎప్పుడో సాగనంపాను అక్కా."

ఇంటావిడ తల పట్టుకుంది.

"నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఏం నాటారో చెప్పేవారు," అంది భర్తతో. "ఎండాకాలం వద్దంటే విన్నారా? అవి మీ కళ్ళముందు ఎండిపోతే నా మీద కూడా ఆశ వదిలేసేవారు. అదే దొంగ ఎత్తుకుపోతే, పంతానికి ఇంకోటి నాటుతారు. మీ సంగతి నాకు తెలీదా?"

ఇంటాయన కుండీల వైపు చూశాడు. "అయితే దొంగ..."

"నేనే. ఆవిడకు ఆ మేడ ఖాళీగా ఉందని చెప్పి దింపిందీ నేనే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుందీ నేనే."

"మరి ఆవిడెవరు?"

"తనకు నయమై వెళ్ళేదాకా పగలంతా నాకు అన్నం తినిపించి, మీరు రాగానే మనం మాట్లాడుకోవాలని గోడవైపు తిరిగి పడుకునేది చూడండి, ఆసుపత్రిలో నా పక్క మంచం మనిషి."