తలకిందుల స్తంభం

ముసలాయన స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు.

కొత్త మండపానికి పన్నెండు పనస స్తంభాలు. ఒక్కోదాని దగ్గరా ఆగి, అరచేత్తో కింది నుంచి పైదాకా నిమిరి, చెవి ఆనించి విని, పక్కదానికి వెళ్తున్నాడు. ఒంటిమీద వెలిసిపోయిన పంచె, చేతిలో గంట్లు పడ్డ వెదురు కర్ర.

చూడగానే రాకాకు ఒళ్ళు మండింది.

బాలిలో ఉబుద్ ఊరు దాటాక కొండవాలులో ఉన్న ఆ ఆశ్రమానికి రాకా మేనేజరు. సొంత ఇంట్లో చీపురు ముట్టనివాళ్ళు అక్కడికి విమానమెక్కి వచ్చి వాకిలి ఊడుస్తారు. దానికి సేవ అని, వాళ్ళకు వాలంటీర్లని పేరు. పొద్దున్నే వాళ్ళచేత నైవేద్యపు ఆకుబుట్టలు అల్లించడం, పదింటికి బాలి సంప్రదాయం మీద పాఠం చెప్పడం రాకా పని. పాఠం చెప్పేటప్పుడు తలగుడ్డ చుట్టుకుంటాడు. అయిపోగానే విప్పి కుర్చీ మీద పడేస్తాడు.

"ఎవరు నువ్వు? లోపలికెవరు రానిచ్చారు?"

"గుడి పూజారి పంపాడు బాబూ. నేను..."

"పూజారి పంపితే గుడికే పో. పాలిష్ చేసిన స్తంభాలవి, ముట్టుకోకు."

ముసలాయన చెయ్యి తియ్యలేదు.

"వీటిలో ఒకటి తలకిందులుగా నిలబడింది బాబూ. వేరువైపు పైకి పోయింది."

చెట్టు ఎలా పెరిగిందో స్తంభం అలాగే నిలబడాలి, మొదలు కిందికి, కొన పైకి. బాలిలో ఎవరినడిగినా చెబుతారు. రాకాకూ తెలుసు. పోయిన వారం దానిమీదే గంటసేపు పాఠం చెప్పాడు.

కాకపోతే ఇవి పట్నంలో మిషను మీద కోయించి తెచ్చినవి. రెండు కొసలూ ఒకేలా నున్నగా ఉన్నాయి. కోసినవాడే చెప్పలేనిది ఈ చింకిపంచె ముసలాడు చెబుతాడట.

ఏ స్తంభమో రాకా అడగలేదు. వాలంటీర్ల వైపు తిరిగి, స్తంభాలతో కబుర్లాడే తాతగారొచ్చారని వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళు నవ్వి ఫోటోలు తీసుకున్నారు. రాకా వంటమనిషి సుక్రిని పిలిచి, ముసలాణ్ణి వెనకవైపు కూర్చోబెట్టి ఆకులో ఇంత అన్నం పెట్టి పంపెయ్యమన్నాడు.

తర్వాత తలగుడ్డ చుట్టుకుని పాఠానికి వెళ్ళాడు.

ఆ రోజు పాఠం రాకా సొంత తాతగారి ఇంటి గురించి. యాభై ఏళ్ళ కిందట రెగోగ్ అనే పెద్ద వడ్రంగి, బాలి పద్ధతిలో ఇంటి యజమాని మూరనే కొలతగా పెట్టుకుని కట్టిన ఇల్లది. పెద్ద భూకంపానికి ఊళ్ళో సగం గోడలు కూలినా ఆ ఇంట్లో ఒక్క పెంకు జారలేదు. ఆ రెగోగ్ ఇప్పుడెక్కడున్నాడని ఒకమ్మాయి అడిగింది.

"ఎప్పుడో పోయాడు. అలాంటి చేతులు ఇంక పుట్టవు," అని రాకా ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. వాలంటీర్లు కూడా మూసుకున్నారు.

తిరిగొచ్చేసరికి ముసలాయన లేడు. ఆకులో అన్నం అలాగే ఉంది. గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడని సుక్రి చెప్పింది. వెదురు కర్ర మాత్రం మండపంలో ఒక స్తంభానికి ఆనించి ఉంది.

"అడుక్కునే కర్ర కూడా ఇక్కడే పారేసి పోయాడు," అని రాకా దాన్ని తెచ్చి సుక్రి చేతిలో పెట్టాడు. "పొయ్యిలో పెట్టు."

మూడో రోజు మండపానికి ప్రాణం పోసే పూజ. అది జరక్కుండా లోపల ఎవరూ కాలు పెట్టకూడదు. మర్నాడే నలభైమంది కొత్త వాలంటీర్లు దిగుతున్నారు. ఊరి ఆడవాళ్ళు నైవేద్యాలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. వాయిద్యాలవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

పూజారి వచ్చి స్తంభాల చుట్టూ తిరిగి, ఆగిపోయాడు.

"ఏది తీసి మళ్ళీ నిలబెట్టారు?"

రాకాకు అర్థం కాలేదు. మొన్న ఒక పెద్దాయన్ని పంపానని, ఒక స్తంభం తలకిందులుగా ఉందని ఆయన చెప్పాడని పూజారి అన్నాడు.

"మీవాళ్ళు వినిపించుకోలేదట. అందుకే గుర్తుగా దానికి కర్ర ఆనించి వచ్చానన్నాడు. ఏ స్తంభానికి ఆనించాడు?"

రాకా పన్నెండు స్తంభాలనూ చూశాడు. ఆ రోజు అతను చూసింది కర్రను. స్తంభాన్ని కాదు.

ఈ ఒక్కసారికి ఎలాగో కానిచ్చెయ్యమని బతిమాలాడు. తల మీద నిలబడ్డదానికి ప్రాణం పొయ్యనన్నాడు పూజారి. వాయిద్యాలవాళ్ళు లేచారు. ఆడవాళ్ళు నైవేద్యాలు మళ్ళీ నెత్తికెత్తుకున్నారు.

"ఆయనెక్కడుంటారో చెప్పండి. కారు పంపి పిలిపిస్తాను," అన్నాడు రాకా. మొన్నటి ముసలాడు ఇవాళ ఆయనయ్యాడు.

"సుమత్రా దీవిలో, కూతురి దగ్గర ఉండేవాడు. తిరిగి వెళ్తూ నిన్న రేవులోనే కన్నుమూశాడు. పొద్దున్నే కబురొచ్చింది." పూజారి మండపమంతా కలయజూశాడు. "ఆ కర్రయినా జాగ్రత్తగా దాచావా?"

రాకా సుక్రి వైపు చూశాడు.

"మీరే కదండీ పొయ్యిలో పెట్టమన్నారు," అంది సుక్రి. "మొన్న అందరం తిన్న అన్నం దాంతోనే ఉడికింది."

పూజారి రాకా తలగుడ్డ వంక చూశాడు.

"అది మీ తాత మూర కొలిచి గంట్లు పెట్టిన కర్ర. మీ ఇంటి కొలత పోయేలోగా నీ చేతిలో పెట్టాలని సముద్రం దాటి వచ్చాడు రెగోగ్."