కదలని ముల్లు

మీటరు ముల్లు అడుగుకు అతుక్కుపోయింది.

బాగున్న ఆక్సిజన్ సెన్సర్‌కు నిలకడ ఉండదు. పొగలో గాలి హెచ్చుతగ్గులను బట్టి ముల్లు కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి. ఈ పాత కారులో అది ఊగడం లేదు. గాలి ఎక్కువైందని ఒకటే పాట.

గంట కొట్టేలోపు లోపం పట్టుకోవాలి. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. పోయిన వారం హెడ్డు తన గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ముఖం చూడకుండా చెప్పిన మాట చెవిలోనే ఉంది. "ఈ పరీక్ష సవ్యంగా గట్టెక్కితే సరే. లేదంటే ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతి! ఈ షెడ్డు కాక ఆయనకు వేరే లోకమేదీ?

ఇంట్లో మాత్రం ఈ చిన్నచూపు ఏం తక్కువ? ఇవాళ కూడా భార్య బస్సు దాకా వెంట వచ్చి, ఆయనను ఎక్కడ దింపాలో కండక్టరుకు చెప్పింది. పసిపిల్లాణ్ణి బడికి పంపినట్టు ఏమిటిదని ఆయన విసుక్కున్నాడు.

వరండాలో కుర్రకారు నవ్వులు వినిపిస్తున్నాయి. వాళ్ళకేం, ఈసారి కాకపోతే మరోసారి.

సెన్సర్ చచ్చిందా? గాలి లోపలికి పోయే గొట్టం దగ్గర కాస్త పెట్రోలు చిలకరించాడు. ముల్లు చటుక్కున లేచి, మళ్ళీ పడిపోయింది. బతికే ఉంది. రబ్బరు గొట్టాలన్నీ నొక్కి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. ప్లగ్గులు విప్పితే నల్లగా మసిబారి ఉన్నాయి. అంటే పెట్రోలే ఎక్కువ మండుతోంది. మరి గాలి ఎక్కువని సెన్సర్ ఎందుకంటుంది?

తల పట్టుకున్నాడు. గోళ్ళ నిండా మసి.

స్టోరు చూసే ఆమె తొంగిచూసింది. "ఏం బాబాయ్, ఇంజనుతో కాపురం పెట్టేశారా?"

ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, లోపం ఎక్కడుందో నీకేమైనా తెలుసా?"

ఆమె పకపకా నవ్వింది. "నన్నడుగుతారేంటి? పెట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదనేగా ఇక్కడి రూలు."

పెట్టినవాడెవడో గడుసుపిండమే. ఆయన పళ్ళు కొరుక్కుని మొదటినుంచీ ఆలోచించాడు. సెన్సర్ అబద్ధమాడటం లేదు. ప్లగ్గులూ అబద్ధం చెప్పడం లేదు. అలాంటప్పుడు ఆ గాలి ఇంజనులోంచి వచ్చింది కాదు. మంట దాటాక, సెన్సర్‌కు ముందు, దారిలో ఎక్కడో దొంగతనంగా చొరబడింది.

ప్లగ్గులు బిగించి ఇంజను మళ్ళీ నడిపించాడు. పొగ గొట్టం అతుకు దగ్గర తడిగుడ్డ పీలిక పట్టాడు. పీలిక రెపరెపలాడింది. అడుగున ఒక బోల్టు వదులు!

స్పానరుతో బిగించాడు. కాసేపటికి ముల్లు కదిలింది. పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఆయన కళ్ళు చెమర్చాయి. ఎవరేమనుకున్నా సరే, బుర్ర ఇంకా పనిచేస్తోంది.

గంట కొట్టడానికి వచ్చిన స్టోరు ఆమె ఊగుతున్న ముల్లును చూసి ఆగిపోయింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇదేంటి బాబాయ్... పిల్లలింకా పరీక్షకి లోపలికే రాలేదు, వాళ్ళ కోసం పొద్దున మీ చేత్తో పెట్టిన లోపాన్ని మీరే సరిచేసేశారా?"